ఇంటి బియ్యం తింటూ సొంత కాళ్ల మీద నిలబడ్డామని అనుకోవచ్చా?

వశిష్ఠ ఒడ్డు — నరసాపురం, ప్రస్తుతం హైదరాబాద్

మా ఆఫీసులో తీర్పు చెప్పేశారు. ఊరి నుంచి బియ్యం బస్తా తెప్పించుకునేవాడు ఇంకా అమ్మానాన్నల మీద ఆధారపడినవాడేనట. నా అద్దె నేనే కడతాను, నాన్నని డబ్బు అడిగి చాలా కాలమైంది. అయినా ఆ ఒక్క బస్తాని చూపించి నన్ను చిన్నపిల్లల జాబితాలో కలిపేశారు. మాకు కొద్దిగా పొలం ఉంది, కౌలుకిచ్చాం. సార్వా పంట ఇంటికి చేరగానే అమ్మ బియ్యం పట్టించి, బస్తా కుట్టించి ఆర్టీసీ కార్గోలో వేయిస్తుంది. వద్దంటే వినదు.

బియ్యం సంగతి మీరే తేల్చండి. నేను అడగాలనుకున్నది ఇంకొకటి. ఇల్లు కొనడం, కారు కొనడం లాంటి పెద్ద విషయాలు పక్కన పెట్టండి. రోజువారీ బతుకులో ఏ చిన్న సంగతి దగ్గర ‘ఇక నా లెక్క నేనే చూసుకుంటున్నాను’ అని మీకు తెలిసింది?

ముందు నాది చెబుతాను. ఇంజనీరింగ్‌లో ఉన్నప్పుడు పుస్తకం 400 అయితే ఇంట్లో 600 అని చెప్పేవాడిని. ఇప్పుడు అమ్మకి 2,400 పెట్టి చీర కొని 1,100 అని చెబుతున్నాను. అప్పుడూ అబద్ధమే, ఇప్పుడూ అబద్ధమే. కాకపోతే అప్పుడు పైకి, ఇప్పుడు కిందికి.

కొబ్బరి దింపు — అంబాజీపేట

చీర ధర తగ్గించి చెప్పేటప్పుడు కాస్త చూసుకోండి. మా అక్క ఇలాగే చెబితే, అమ్మ మా వీధిలో ముగ్గురికి అదే ధరకి తెప్పించి ఇస్తానని మాట ఇచ్చేసింది. మూడు చీరల మీద తేడా అంతా అక్క నెత్తిన పడింది. ఇప్పుడు అమ్మకి ఏది కొన్నా ‘ఆఫీసులో ఇచ్చారు’ అంటోంది.

గోడ క్యాలెండరు — కాకినాడ

నాది గ్యాసు బండ. ఇంట్లో అమ్మ గోడ క్యాలెండరు మీద రెండే రాసేది: పాలు రాని రోజులు, బండ మార్చిన తేదీ. ఆవిడకి పనిలేక రాస్తోందని అనుకునేవాడిని. ఇప్పుడు ముగ్గురం కలిసి అద్దె ఇంట్లో ఉంటున్నాం. బండ నా పేరు మీద ఉంది కాబట్టి తేదీ రాయడం నా పని అయింది. మొన్న ఒక బండ అనుకున్నదాని కన్నా చాలా ముందే అయిపోయింది. 14.2 కిలోల గ్యాసు ఎటు పోయిందని విచారణ పెట్టాను. మాలో ఒకరు రోజూ స్నానానికి పెద్ద గిన్నెడు నీళ్లు పొయ్యి మీద కాచుకుంటున్నారని తేలింది. అతడు నా వైపు చూసిన చూపులో నాకు మా అమ్మ కనిపించింది. అంటే, మా అమ్మని చూసి నేను చూసిన చూపు అన్నమాట.

చన్నీళ్ల స్నానానికి ఒప్పుకోలేదు. హీటరు కొనుక్కున్నాడు. ఇప్పుడు కరెంటు బిల్లు మీద విచారణ నడుస్తోంది.

రొయ్యల కౌంట్ — భీమవరం దగ్గర పల్లె

మీ అందరిదీ ఒకటో తారీఖు బతుకు. మాకు ఒకటో తారీఖు లేదు, పట్టుబడి ఉంటుంది, అంటే చెరువులో రొయ్యలు పట్టి అమ్మే రోజు. వనామీ రొయ్య పిల్ల వేశాక మూడు నాలుగు నెలలు మేత పోయడం, నీళ్లకి గాలి అందించే ఏరియేటర్లు తిప్పడం, కరెంటు పోతే డీజిల్ కొనడం. డబ్బు కనబడేది ఒక్క రోజు. అందులోనూ సగానికి పైగా ఎవరెవరివో పేర్లు ముందే రాసి ఉంటాయి.

ఈ వైపు తెలియనివారికి: కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క. 30 కౌంట్ అంటే పెద్దవి, 100 కౌంట్ అంటే చిన్నవి. ధర దాన్ని బట్టే.

నాన్న హయాంలో మేత అంతా అరువే. అరువు మేతకి ధర ఎక్కువ. అది పోనీ అనుకున్నా, పట్టుబడి రోజు సరుకు ఆ డీలరు చూపించినవారికే, ఆయన చెప్పిన ధరకే ఇవ్వాలి. గట్టు మీద కాటా దగ్గర నాన్న నిలబడేవారు కానీ ఆ రోజు ఆయన మాటకి విలువ ఉండేది కాదు. చెరువు నా చేతికి వచ్చాక కౌలు చెరువు వదిలేశాను. ఉన్న ఒక్కదానికి మేత నగదు పెట్టి కొన్నాను. పట్టుబడికి ముందు రోజు ముగ్గురు కొనుగోలుదారులకి ఫోను చేసి ఏ కౌంట్‌కి ఎంత ఇస్తారని అడిగాను. లాభం అంతకు ముందు ఏటి కన్నా పెద్దగా పెరిగింది లేదు. కానీ అడగడానికి వీలు కుదిరింది చూశారా, నాకు అదే.

2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి చేరినప్పుడు ముగ్గురూ కూడబలుక్కున్నట్టు ఒకే ధర చెప్పారు. అది వేరే బాధ.

లేసు దారం — నరసాపురం మండలం

ఇప్పటిదాకా అందరూ అబ్బాయిలే రాసినట్టున్నారు. నాదీ ఒకటి రాస్తాను.

నేను లేసు అల్లుతాను, డ్వాక్రా గ్రూపులో ఉన్నాను. నా పేరు మీద బ్యాంకు ఖాతా ఎప్పటి నుంచో ఉంది. కానీ ఏటీఎం కార్డు మా ఆయన చొక్కా జేబులో ఉండేది. డబ్బు పడితే మెసేజి కూడా ఆయన ఫోనుకే వచ్చేది. ఆయన చెడ్డవారు కాదు, అడిగితే ఇస్తారు. అడగాలి, అంతే. అడిగినప్పుడల్లా ‘దేనికి?’ అంటారు. సేఫ్టీపిన్నులకి అని చెప్పాలి, బస్సుకి అని చెప్పాలి, చెల్లెలి కొడుకు పుట్టినరోజుకి అని చెప్పాలి.

ఒక రోజు పాస్‌బుక్, ఆధార్ పట్టుకుని బ్యాంకుకి వెళ్లి ఖాతాకి నా ఫోను నంబరు పెట్టమని కాగితం ఇచ్చాను. కౌంటరులో ఉన్నాయన ‘మీ ఆయనకి తెలుసా?’ అని అడిగారు. ఖాతా ఎవరి పేరు మీద ఉందో చూడండి అన్నాను. తల దించుకుని ముద్ర వేశారు. తరవాత కొన్నాళ్లకి లేసు డబ్బు పడినప్పుడు నా ఫోను మోగింది. నేను అప్పుడు చేపలు తోముతున్నాను. చేతులు కడుక్కుని చూశాను, మళ్లీ చూశాను. ఆ రోజు ఆయనకి చెప్పలేదు. మర్నాడు నేనే చెప్పాను, కానీ ఆ ఒక్క రాత్రి అది నాకు మాత్రమే తెలుసు.

2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీలో ఆడవాళ్లకి టికెట్టు లేదు కాబట్టి బస్సు డబ్బులు అడిగే పని కూడా తప్పింది. నరసాపురం లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చిందని పేపర్లో చదివాను. నా చేతికి వచ్చే కూలికి ఆ సంగతి ఇంకా తెలియదు.

నాలుగో నంబరు కౌంటరు — రాజమహేంద్రవరం, విశ్రాంత బ్యాంకు ఉద్యోగి

లేసు దారం గారూ, ఆ కౌంటరులో ఉన్నాయన తరఫున నేను క్షమాపణ చెబుతున్నాను. అలా అడగడం తప్పు. ఖాతాదారు మీరు, అంతే.

నేను కౌంటరు ఇవతల కూర్చుని చూసిన సంగతి ఒకటి చెబుతాను. జీతం ఖాతా తెరవగానే ఎవరూ పెద్దవాళ్లు కారు. పాస్‌బుక్కులో ఒక వరస మీద వేలు పెట్టి ‘ఇది ఏమిటండీ?’ అని అడిగిన రోజున అవుతారు. మే నెలాఖరు వచ్చిందంటే మాకు ఇదే పని. ‘నా ఖాతాలో 20 రూపాయలు కోశారు’ అని వచ్చేవారు కొందరు, ‘436 పోయాయి’ అని వచ్చేవారు కొందరు. ఆ 20 సురక్ష బీమా యోజన: ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. 436 జీవన్ జ్యోతి: ఏ కారణంతో చనిపోయినా 2 లక్షలు. రెండూ జూన్ 1 నుంచి మరుసటి మే 31 దాకా పనిచేస్తాయి. ఎప్పుడో ఎవరో సంతకం పెట్టమంటే పెట్టి ఉంటారు, మరిచిపోతారు. గొడవకి వచ్చి, విని, ‘అయితే ఉండనివ్వండి’ అని వెళ్లేవారంటే నాకు ఇష్టం. అంతకన్నా ఎక్కువ భయపెట్టేది ఏమిటంటే, ఆ బీమా ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం. మనిషి పోయాక ఆ డబ్బు అడిగేవారే ఉండరు.

కాబట్టి పిల్లలూ, నామినీ పేరు చూసుకోండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకి నలుగురు నామినీల దాకా పెట్టుకోవచ్చు. పెళ్లయి పిల్లలు పుట్టినా నామినీగా తాతగారి పేరే ఉన్న ఖాతాలు నేను బోలెడు చూశాను. ఆ తాతగారు ఎప్పుడో కాలం చేసి ఉంటారు.

తూకం రాయి — తాడేపల్లిగూడెం

అసలు ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. బియ్యం సంగతి నేను తేలుస్తాను, మాది ధాన్యం వ్యాపారమే.

వశిష్ఠ ఒడ్డు గారి పొలం కౌలుకిచ్చారు. మన వైపు కౌలు బస్తాల లెక్కన మాట్లాడుకుంటారు, బస్తా అంటే 75 కిలోల ధాన్యం. మరపట్టిస్తే బియ్యం 50 కిలోల లోపే వస్తాయి. ఆ కౌలు ధాన్యం కుటుంబానిది. కుటుంబంలో ఈయన ఒకరు. కాబట్టి అది సాయం కాదు, వాటా. కేసు కొట్టేశాను.

పుట్టింటి గుమ్మం — తణుకు

న్యాయమూర్తి గారూ, చిన్న సందేహం. నాకూ మా అమ్మ బియ్యం పంపుతుంది. నేను విశాఖలో ఉద్యోగం చేస్తున్నాను, నా జీతం మా తమ్ముడి జీతం కన్నా ఎక్కువ. మా ఇద్దరికీ ఒకే పొలం బియ్యం, ఒకే కుట్టు, ఒకే కార్గో. తమ్ముడికి వెళ్తే ‘మన పంట’ అంటారు, నాకు వస్తే ‘పుట్టింటివాళ్లు ఎంత ప్రేమగా పంపిస్తున్నారో’ అంటారు. వాటా కొడుకులకే, కూతుళ్లకి ప్రేమా?

తూకం రాయి — తాడేపల్లిగూడెం

తమరు అడిగింది నిజమే. మన రాష్ట్రంలో పెళ్లి కాని కూతుళ్లకి ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా 1986 చట్టంతోనే వచ్చింది. 2005లో పెళ్లితో నిమిత్తం లేకుండా దేశమంతటికీ చేశారు. కాబట్టి మీదీ వాటానే. తీర్పు సవరించాను.

పుట్టింటి గుమ్మం — తణుకు

చట్టం నాకూ తెలుసండీ. నేను అడిగింది ఇంట్లో ఏమంటారని.

ఇక నా చిన్న సంగతి: సంక్రాంతి టికెట్టు. ఉద్యోగం వచ్చిన కొత్తలో కూడా నాన్నే టికెట్టు తీసేవారు, ‘నీకు తెలియదులే’ అని. రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కదా (2024 నవంబరు దాకా 120 రోజులు ఉండేది). భోగికి ముందు రోజు ప్రయాణానికి నవంబరు రెండో వారంలో పొద్దున 8 గంటలకి కూర్చోవాలి. అలారం పెట్టుకుని నా టికెట్టు తీశాను, తిరుగు టికెట్టు కూడా తీశాను. ఇంట్లో ముందుగా చెప్పింది తిరుగు ప్రయాణం తేదీనే. కనుమ మర్నాడు వెళ్లిపోతానని రెండు నెలల ముందే చెబితే అమ్మ ఫోను పెట్టేసింది. ఇదివరకు ఆ తేదీ నాన్న చేతిలో ఉండేది, ఆయన వారం పొడిగించేవారు.

కువైట్ కబురు — రాజోలు

అమ్మా తణుకు, తిరుగు టికెట్టు సంగతి నా గుండెలో గుచ్చుకుంది. మాకు అది కంపెనీ చేతిలో ఉంటుంది.

నాది మీ అందరికీ తలకిందులు. నేను సంపాదన మొదలుపెట్టిన నెల నుంచే ఇంటికి పంపుతున్నాను. చెల్లి పెళ్లి, ఇంటి స్లాబు, బావగారి ఆటో. అందరూ నన్ను ఎప్పుడో పెద్దవాడిని చేసేశారు. కానీ నాకు నేను పెద్దవాడినయ్యానని అనిపించింది, ‘ఈ నెల పంపలేను’ అని మొదటిసారి చెప్పినప్పుడే. కారణం కూడా చెప్పలేదు. మూడు రోజులు ఇంటి నుంచి ఫోను రాలేదు. నాలుగో రోజు అమ్మ ఫోను చేసి ‘కూర ఏం వండుకున్నావు?’ అంది. ఆ నెల మిగిలిన డబ్బు నా ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో (విదేశాల్లో ఉండేవారి బ్యాంకు ఖాతా) డిపాజిట్ వేశాను. దాని మీద వడ్డీకి మన దేశంలో పన్ను లేదు. దాని గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు, మీకు తప్ప.

కొత్త జీతం — మండపేట

అన్నయ్యలూ, అక్కలూ, నాకు అర్జంటు సలహా కావాలి. నాకు ఉద్యోగం వచ్చి కొద్ది నెలలే అయింది. చిన్నప్పటి నుంచి కలిసి చదువుకున్న స్నేహితుడు లోను తీసుకుంటున్నాడు. ‘ఊరికే హామీ సంతకం, నీకు ఏమీ కాదు’ అంటున్నాడు. నా జీతం స్లిప్పు అడుగుతున్నాడు. కాదంటే మొహమాటం. పెట్టనా?

కొబ్బరి దింపు — అంబాజీపేట

పెట్టకు.

రొయ్యల కౌంట్ — భీమవరం దగ్గర పల్లె

పెట్టకు తమ్ముడూ.

నాలుగో నంబరు కౌంటరు — రాజమహేంద్రవరం

నాయనా, ‘నీకు ఏమీ కాదు’ అన్న మాట ఏ కాగితం మీదా ఉండదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవాడి బాధ్యతతో సమానం. ముందు అతడి ఆస్తి అమ్మి, ఆ తరవాతే నీ దగ్గరికి రావాలన్న నియమం లేదు. నీ జీతం వచ్చే ఖాతా వాళ్లకి తెలుసు కాబట్టి నీ దగ్గరికే ముందు వస్తారు. పైగా అతడు కట్టకపోతే నీ క్రెడిట్ స్కోరు కూడా పడిపోతుంది. రేపు నువ్వు బండి లోనుకి వెళ్లినప్పుడు అది ఎదురవుతుంది.

అతడికి నిజంగా అవసరం ఉంటే, పోయినా పరవాలేదనుకునే మొత్తం చేతికి ఇచ్చెయ్యి. సంతకం మాత్రం వద్దు.

కొత్త జీతం — మండపేట

చెప్పేశాను. ‘నాన్న ఒప్పుకోవడం లేదు’ అన్నాను.

పుట్టింటి గుమ్మం — తణుకు

అయ్యో, నాన్న మీదికి తోశావా! ఈ చర్చ ఎందుకు పెట్టారో చూశావా తమ్ముడూ? :)

వీధి అరుగు — రామచంద్రపురం

వడ్డీ గురించి ఒక మాట. మా ఊళ్లో ఎవరిని అడిగినా ‘రెండు రూపాయల వడ్డీ’ అంటారు, అంటే నెలకి నూటికి రెండు, ఏడాదికి 24 శాతం. మా తాతగారు దాన్ని కూడా అన్యాయపు వడ్డీ అనేవారు. మా అబ్బాయికి క్రెడిట్ కార్డు వచ్చింది. బిల్లు 18,000 వస్తే ‘కనీస మొత్తం’ అని 900 కట్టి ఊరుకున్నాడు, గడువులో కట్టేశాను కదా అని ధీమా. మిగిలినదాని మీద నెలకి మూడున్నర శాతం. నేను వాడికి ఇంగ్లీషు పదాలేవీ వాడకుండా ‘ఒరేయ్, మూడున్నర రూపాయల వడ్డీకి అప్పు తెచ్చావు’ అన్నాను. వాడి మొహంలో రంగు మారింది. ఆ రాత్రే మొత్తం కట్టేశాడు.

నాలుగో నంబరు కౌంటరు — రాజమహేంద్రవరం

బాగా చెప్పారు. ఇంకొకటి కూడా కలపండి: పాత బాకీ ఉండగా కొత్తగా గీకిన ప్రతి రూపాయి మీదా ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. నెలన్నర దాకా వడ్డీ లేదన్న సదుపాయం మొత్తం బిల్లు కట్టేవారికే.

కొబ్బరి దింపు — అంబాజీపేట

మా వైపు ప్రోనోటు సంగతి కూడా చెప్పుకోవాలి. నాన్న ఎవరికో ఇచ్చిన అప్పు కాగితం బీరువాలో ఉంటే ఈ మధ్య తీసి తేదీ చూశాను. మూడేళ్లకి ఇంకా కొద్ది వారాలే ఉంది. మూడేళ్లు దాటితే కోర్టులో నిలవదు కదా. నేనే ఆయన ఇంటికి వెళ్లి, వెయ్యి రూపాయలు తీసుకుని, గడువు పోకుండా నోటు వెనక చెల్లు వేయించి (అంత కట్టినట్టు రాయించి), సంతకం, తేదీ పెట్టించుకుని వచ్చాను. కాఫీ ఇచ్చారు, మంచిగానే మాట్లాడారు. నాన్న అయితే మొహమాటంతో వెళ్లేవారు కాదు. ఇంటికి వచ్చాక ‘సంతకం పెట్టారా?’ అని మాత్రం అడిగారు.

గోడ క్యాలెండరు — కాకినాడ

చిట్టీల గురించి ఎవరూ అనడం లేదేమిటి? మా ఆఫీసులో అందరూ వేస్తున్నారు, నన్నూ చేరమంటున్నారు. పాట (నెలనెలా జరిగే వేలం) ఎలా పాడాలో తెలియదు.

వీధి అరుగు — రామచంద్రపురం

ఇరవై మంది, నెలకి 5,000, చిట్టీ లక్ష అనుకోండి. మొదటి నెలల్లో అవసరం ఉన్నవాళ్లు పోటీ పడతారు. ఒకరు 25,000 తగ్గించుకుని పాడారనుకోండి, వారికి 75,000 వస్తుంది. ఆ 25,000లో నడిపేవారి కమీషను 5,000 పోతే మిగిలిన 20,000 ఇరవై మందికీ పంచుతారు, అంటే ఆ నెల మీరు 4,000 కడితే చాలు. ముందు పాడుకుంటే అది అప్పు, చివరిదాకా ఆగితే అది పొదుపు. మీకు ఏది కావాలో తెలియకుండా చేరకండి. ఊరికే పాట ఊపులో పాడేవాళ్లు ఉంటారు, కోడిపందేల దగ్గర ఉన్నట్టే.

1982 చిట్‌ఫండ్ చట్టం కింద నమోదైందో లేదో అడగండి. కమీషను కూడా 7 శాతం దాటకూడదు. ‘మన వాళ్లేనండీ, కాగితాలెందుకు’ అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

వేదిక నిర్వాహకులు

ఫలానా చిట్టీ సంస్థ మంచిదా అని వ్యక్తిగత సందేశాలు వస్తున్నాయి. సంస్థల పేర్లు ఇక్కడ రాయకండి, తీసేస్తాం. పనిలో పనిగా: నా చిన్న సంగతి కొత్త గొడుగు. పాతది విరిగితే ఇంట్లో ఇంకొకటి ఉంటుందని వెతికాను. ఇల్లు నాదని, అందులో నేను కొననిది ఏదీ ఉండదని అప్పుడు తట్టింది.

బియ్యం కార్డు — పాలకొల్లు

మీ అందరి సంతోషానికి అడ్డం రావడం లేదు కానీ, మాలాంటి ఇళ్లలో పెద్దవాళ్లం కావడానికి ఖరీదు ఉంది. నాకు మంచి ఉద్యోగం వచ్చింది, ఆదాయపు పన్ను కట్టాల్సి వచ్చింది. నా పేరు ఇంకా అమ్మావాళ్ల బియ్యం కార్డు (రేషన్ కార్డు)లోనే ఉంది. కుటుంబంలో ఒకరు పన్ను కడితే ఆ కార్డుకి అర్హత పోతుంది. నేను హైదరాబాద్‌లో ఉండి ఇంటికి పంపేది నెలకి కొంతే. అమ్మకి ఆ కార్డు అంటే బియ్యం మాత్రమే కాదు, ఆసుపత్రి ధీమా కూడా. ఒక పక్క పన్ను కడుతున్నానని గర్వం, ఇంకో పక్క ఇంట్లో దొంగలా ఉన్నట్టు ఉంది. మా ఊరి సచివాలయానికి వెళ్లి అడిగితే ‘పెళ్లి చేసుకోండి, అప్పుడు కార్డు విడిపోతుంది’ అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మొత్తానికి నేను చేసింది ఇది: అమ్మకీ నాన్నకీ ఆరోగ్య బీమా నా డబ్బుతో కట్టాను. కార్డు పోతే పోనీ అనుకునే ధైర్యం దానితో వచ్చింది. అమ్మకి మాత్రం కార్డే కావాలి.

లేసు దారం — నరసాపురం మండలం

బాబూ, అమ్మకి ఆ బీమా కార్డు ఇంగ్లీషులో ఉంటుంది. ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో, ఎవరికి ఫోను చేయాలో తెలుగులో పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అతికించు. బియ్యం కార్డు అయితే ఎక్కడికి తీసుకెళ్లాలో ఆవిడకి తెలుసు. అందుకే అది కావాలంటోంది.

బియ్యం కార్డు — పాలకొల్లు

ఇది నాకు తట్టలేదు అక్కా. ఈ ఆదివారం వెళ్తున్నాను, రాసి అతికిస్తాను.

పంచె కట్టు — అమలాపురం

నేను ఆలస్యంగా వచ్చాను. ఇన్ని చెప్పారు కానీ మన వైపు అసలైన ముద్ర చదివింపుల దగ్గర పడుతుంది. పెళ్లి పందిట్లో ఒక మూల బల్ల, దాని మీద పొడవాటి పుస్తకం, పక్కన డబ్బు పెట్టె, చెవి మీద పెన్ను పెట్టుకున్న బాబాయి ఒకరు. కవరు ఇవ్వగానే ఆయన పైకి చూడకుండా ‘ఎవరి తాలూకు?’ అంటారు. ఎన్నాళ్లో నేను నాన్న పేరు చెప్పాను, ఆ పేరు మీదే రాసేవారు. కవరులో డబ్బు నాది అయినా సరే.

మా పెద్దమ్మ మనవరాలి పెళ్లిలో నేను నాన్న పేరు చెప్పబోతుంటే, నాన్న వెనక నుంచి ‘వాడిది వేరే రాయండి’ అన్నారు. ఆయన కవరు ఆయన ఇచ్చారు, నాది నేను. రెండు వరసలు, కింద కింద. బాబాయి అప్పుడు తల ఎత్తి నన్ను చూసి ‘ఏ ఊళ్లో ఉంటున్నావు?’ అని అడిగి, పేరు పక్కన ఊరు కూడా రాశారు.

దాని పర్యవసానం ఏమిటంటే, ఆ ఏడాది నుంచి శుభలేఖలు నాకు వేరేగా వస్తున్నాయి. మాఘమాసం వస్తే జీతంలో పదో వంతు కవర్లకే.

వశిష్ఠ ఒడ్డు — నరసాపురం, ప్రస్తుతం హైదరాబాద్

పంచె కట్టు గారూ, సరిగ్గా దీనికే వస్తున్నాను. వచ్చే ఆదివారం పెనుగొండలో మా అత్తయ్య కూతురి పెళ్లి. నేను మొదటిసారి విడిగా చదివిస్తున్నాను. ఎంత పెట్టాలి? నాన్నని అడిగితే ‘నీ ఇష్టం’ అన్నారు, అమ్మని అడిగితే ‘నాన్నని అడుగు’ అంది.

పంచె కట్టు — అమలాపురం

మీ ఇంట్లో పాత చదివింపుల పుస్తకం ఉంటుంది, మీ ఇంటి శుభకార్యానికి వాళ్లు ఎంత పెట్టారో చూడండి. దానికి తగ్గకూడదు. అత్తయ్య కూతురంటే 1,116 చిన్నది.

పుట్టింటి గుమ్మం — తణుకు

మీ నాన్నగారు ఎంత పెడుతున్నారో ముందు కనుక్కోండి. ఆయన కన్నా ఎక్కువ పెట్టి పందిట్లో ఆయన్ని చిన్నబుచ్చకండి.

వశిష్ఠ ఒడ్డు — నరసాపురం, ప్రస్తుతం హైదరాబాద్

కనుక్కున్నాను. ‘నువ్వు ఎంత పెడుతున్నావో చెప్పు, చూసి పెడతాను’ అంటున్నారు.